అత్తయ్యకి పడదు

"వంటగది ఉన్న ఇల్లే చూడు. అమ్మకి బయట తిండి పడదు కదా" అన్నాడు మా ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండా.

ఆదివారం ఉదయం. భోజనాల బల్ల మీద ఒక పక్క ఉతికిన బట్టల గుట్ట, ఇంకో పక్క లాప్‌టాప్. పిల్లల సాక్సులు జతచేస్తూ మధ్యమధ్యలో సెలవులకి అద్దె ఇల్లు వెతుకుతున్నాను. వంటగది ఉన్న ఇల్లు అంటే నాకు ఫొటోలో సముద్రం కనిపించదు. ముందు సింకు కనిపిస్తుంది. గిన్నెలు ఎటు బోర్లించాలో, కుక్కర్ ఇక్కడి నుంచే మోసుకెళ్ళాలో వద్దో, గరిటె ఒకటి సరిపోతుందో రెండు కావాలో, ఇదీ నా విదేశీ ప్రయాణం ఆలోచన.

పెళ్ళయిన పన్నెండేళ్ళకి మొదటిసారి అయిదుగురం కలిసి ఎక్కడికైనా వెళ్తున్నాం. వారం రోజులు. ఆ దేశానికి సముద్రమూ ఉంది, రెండున్నర వేల ఏళ్ళ చరిత్రా ఉంది. సముద్రం ఆయనదీ పిల్లలదీ. చరిత్ర నాది. డిగ్రీలో అదే చదివాను. "చరిత్ర చదివి ఏ రాజ్యం ఏలతావమ్మా" అని ఇంట్లో నవ్వారు. రాజ్యం ఏదీ ఖాళీ లేక కళ్ళద్దాల షాపులో చేరాను. ఊళ్ళో సగంమందికి చూపు సరిచేశాను గానీ, నేను చూడాలనుకున్నది మాత్రం పాఠ్యపుస్తకంలో అరచేయంత నలుపు తెలుపు బొమ్మగానే ఉండిపోయింది. కొండవాలు మీద పాత పట్నం, సముద్రం వైపు తిరిగిన రాతిమెట్ల నాటకశాల, దాని వెనక ఇళ్ళ పునాదులు. అందులో ఒక ఇంట్లో వంటిల్లు ఇంకా ఉందట. పొయ్యి గట్టు, దాని పక్కన పిండి నూరీ నూరీ నడుమ గుంటపడిన రాయి. రాజులు కట్టించినవి చూడ్డానికి అందరూ వెళ్తారు. ఆ రాయి ముందు మోకాళ్ళూని కూర్చున్న మనిషి జాడ చూడాలని నాకు పంతొమ్మిదో ఏటి నుంచీ కోరిక.

బీచి నుంచి ఆ పట్నానికి బస్సులో మూడు గంటలు. "రాళ్ళేగా, అంతగా కావాలంటే ఒక పూట వెళ్ళిరా" అని అనుమతి కూడా ఇచ్చేశాడు మా ఆయన. పోను మూడు గంటలు, రాను మూడు గంటలు. ఆ పూటలో నేను చూసేది బస్సు కిటికీ. సరే, అదైనా చూద్దామంటే మధ్యాహ్నం వంట ఎవరు చేస్తారు? అత్తయ్యకి పడదు కదా.

ఈ మాట నేను కాపురానికి వచ్చిన రోజు నుంచీ వింటున్నాను. బంధువుల పెళ్ళికి వెళ్తే "అమ్మకి పడదు, పొద్దున్నే ఏదైనా చేసి డబ్బాలో పెట్టు." నాకు ఒళ్ళు కాలే జ్వరం వచ్చిన రోజు "హోటల్ నుంచి తెప్పిద్దును గానీ, అమ్మకి పడదు." షాపులో తొమ్మిది గంటలు నిలబడి వచ్చి, చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని నేరుగా స్టవ్ దగ్గరికి. షాపులో మాత్రం నన్ను పువ్వుల్లో పెట్టి చూసుకుంటున్నారా? సెలవు అడిగితే మా ఓనరు "హాయిగా రెస్టు తీసుకోండి మేడమ్" అని పదకొండు జతల అద్దాలు నా ముందుకు తోశాడు, వెళ్ళేలోపు పూర్తి చెయ్యమని. ఆయన మీద విసుక్కోలేను, మా ఆయన మీద అరవలేను. నిజం చెప్పొద్దూ, ఆ కోపమంతా లోలోపల అత్తయ్య మీదే పోసేదాన్ని. ఏం పొట్టమ్మా ఇది, అద్దాల పెట్టెలా ఇంత జాగ్రత్తగా మొయ్యాలి అనుకునేదాన్ని. అనుకున్నందుకు ఇప్పుడు సిగ్గేస్తోంది.

అత్తయ్య టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయ్యింది. ఇరవై ఎనిమిదేళ్ళు ఊరందరినీ ఊరందరితో కలిపి, తను మాత్రం మాట్లాడకుండా కూర్చున్న మనిషి. ఇంట్లో కూడా అంతే. వింటుంది, అవసరమైతే రెండు ముక్కలు అంటుంది. ఎవరైనా మధ్యలో దూరితే "లైన్లో ఉండు" అంటుంది.

ఆ ఉదయం ఆవిడ నా ఫైలు పట్టుకుని వచ్చింది. ఆ పాత పట్నం గురించి ఏళ్ళ తరబడి నేను దాచుకున్న కాగితాల ఫైలు. పోయిన నెల నేనే చేసిచ్చిన కొత్త కళ్ళజోడు ముక్కు మీద ఉంది. నా ఎదురుగా కూర్చుని, సాక్సుల గుట్ట పక్కకి జరిపి, ఫైలు తెరిచింది.

"అమ్మాయ్, దీనికి ఒక పూట ఏం సరిపోతుందే? నాటకశాలకే ఒక రోజు పడుతుంది. పైన మెట్టు మీద కూర్చున్న వాళ్ళకి కింద గుసగుస కూడా వినిపిస్తుందట. వైర్లు లేకుండా అంత ఏర్పాటు ఎలా చేశారో నాకు చూడాలనుంది."

ఫైలు మొత్తం చదివేసింది. మార్జిన్లలో పెన్సిల్‌తో టిక్కులు కూడా పెట్టింది.

"నీకెందుకమ్మా ఆ ఎండలో రాళ్ళ మధ్య" అన్నాడు మా ఆయన. "పైగా అక్కడ తిండి నీకు..."

"లైన్లో ఉండరా" అంది అత్తయ్య. "నాకు పడదని నీకెవరు చెప్పారు?"

"నాన్నే చెప్పేవాడుగా."

"నేను చెప్పానా?"

ఆయన పేపరు కిందపెట్టాడు.

"ఎక్స్ఛేంజిలో ఇరవై ఎనిమిదేళ్ళు క్యాంటీన్లో తిన్నాను. ఆ సాంబ్రాణి మొహంవాడు ఏం వండితే అది తిన్నాను. ఏనాడైనా కడుపునొప్పని సెలవు పెట్టానా? మీ నాన్నకి వేడివేడిగా ఇంట్లో కావాలి. తనకి కావాలంటే తిండిపోతు అనుకుంటారని, మా ఆవిడకి పడదు అనేవాడు. పదిమందిలో కాదంటే ఆయన మాట పోతుందని ఊరుకున్నాను. ఊరుకున్న కొద్దీ అదే నిజమైపోయింది." నా వైపు తిరిగింది. "డ్యూటీ దిగి వచ్చి నేను వండేదాన్ని. నువ్వొచ్చాక నువ్వు వండుతున్నావు. రుచిగా వండుతున్నావని నోరు మెదపలేదు. అది నా తప్పు."

అత్తాకోడళ్ళకి పడదు అని లోకమంతా అంటుంది. మా ఇద్దరి మధ్యా పన్నెండేళ్ళుగా నలిగింది ఆవిడ అననే అనని ఒక్క మాట. నాకు ముందు ఒళ్ళు మండింది. ఎన్ని పూటలు, ఎన్ని డబ్బాలు, ఎంత జ్వరం. ఈ ముక్క మొదటి ఏడాదే చెప్పొచ్చుగా అని నోటిదాకా వచ్చింది. కానీ డెబ్భయ్యో ఏట, కన్నకొడుకు ముందు, కోడలితో "నా తప్పు" అన్న మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. మా ఓనరు అనడు, మా ఆయన అనడు, నేనూ ఎప్పుడూ అని ఎరగను. ఆ చిన్న మనిషి నా కళ్ళకి ఒక్కసారిగా నిలువెత్తు అయిపోయింది. గబుక్కున లేచి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"రెండువేల ఏళ్ళ నాటి వంటింటిని చూడ్డానికి వెళ్తూ మన వంటిల్లు మోసుకెళ్ళడమేంటే?" అంది అత్తయ్య. "హోటల్ చూడు. ఆ పట్నంలోనే చూడు. మూడు రోజులు అక్కడ, మిగతాది బీచి దగ్గర. వాళ్ళు ఏం తింటారో అదే తిందాం."

హోటల్ దొరికింది. గది కిటికీలోంచి నాటకశాల పైమెట్లు కనిపిస్తాయట. రెండు గదులు. ఏ గదిలో ఎవరో రాయమని హోటల్ సైటు అడిగింది.

"మనిద్దరం ఒక దాంట్లో, అమ్మా పిల్లలూ ఒక దాంట్లో" అన్నాడాయన. అది అడగక్కర్లేని సంగతి అన్నట్టు.

అత్తయ్య నన్ను చూడలేదు. కళ్ళజోడు తుడుచుకుంటోంది. పొద్దున్నే ఆరింటికి లేచి, పిల్లలకి పాలూ పళ్ళూ చూసుకుంటూ, ఈవిడ మెట్లు ఎక్కేదెప్పుడు? నేను ఎక్కేదెప్పుడు?

మొదటి గదికి ఎదురుగా అత్తయ్య పేరూ నా పేరూ కొట్టాను. రెండో గదికి ఆయన పేరు, కింద పాప పేరు, బాబు పేరు.

ఆయన వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. కోపం వస్తుందేమో అనుకున్నాను. రాలేదు. నిజంగానే భయపడ్డాడు.

"మరి పొద్దున్నే వీళ్ళు ఏం తింటారో నాకేం తెలుసు?" అన్నాడు.

పాపకి తొమ్మిదేళ్ళు, బాబుకి ఆరు. ఇద్దరూ ఆయన కాళ్ళ దగ్గరే నేల మీద కూర్చుని బొమ్మలు వేసుకుంటున్నారు.

"వాళ్ళనే అడగరా" అంది అత్తయ్య.

ఆయన కుర్చీలోంచి దిగి వాళ్ళ పక్కన కూర్చున్నాడు. పాప ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది. అది పూర్తయ్యేదాకా ఆగకుండా నేను గదులు ఖాయం చేసేశాను.