నేటి బెల్లం ధర

శాంతికుమార్ కాలరు మీద ఇస్త్రీపెట్టె మళ్ళీ తిప్పాడు. ఆ తెల్లచొక్కా పెళ్ళిళ్ళకీ క్రిస్మస్‌కీ తప్ప బయటికి రాదు. ఇవాళ బెల్లం వర్తకుల సంఘం రైతుల సెల్‌ఫోన్లకి ధర మెసేజీ పంపడం మొదలుపెడుతోంది. ఆ ఆలోచన ఇతనిదే. కంప్యూటర్లలో, ఫోన్లలో కొత్తగా ఏదైనా పెట్టాలనుకునే షాపులకీ సంఘాలకీ ఏది ముందో ఏది తర్వాతో సలహా చెప్పి బతుకుతున్నాడు. ఏళ్ళ తరబడి సంఘం గుమ్మం తొక్కితే, చివరికి పని విశాఖపట్నం నుంచి వచ్చిన జాకీర్‌కి ఇచ్చి, ఇతన్ని సాయానికి ఉంచారు.

కడుపు మండిపోయింది. జాకీర్ ల్యాప్‌టాప్ మీద, అతను నవ్వితే సంఘం అధ్యక్షుడు త్రినాధరావు కూడా నవ్వడం మీద, ఆఖరికి అతని బూట్ల మీద కూడా కుళ్ళే.

ఆఫీసు బల్ల మీద శాలువా, రంగు కాగితం చుట్టిన జ్ఞాపిక ఉన్నాయి. సాయంత్రం సన్మానం. ఎవరికో అడగక్కర్లేదనుకున్నాడు.

“మాస్టారూ, ముహూర్తం తొమ్మిదింపావు. ఓసారి మీరూ చూడండి, ఏవైనా మర్చిపోయానా?” అన్నాడు జాకీర్.

శాంతికుమార్ వంగి చూశాడు. ‘నేటి ధర’ అన్నచోట నిన్నటి అంకె ఉంది. మార్కెట్ యార్డులో వేలంపాట పదకొండు దాటితే గాని తెగదు. ముహూర్తానికి మీట నొక్కితే నిన్నటి ధరే నేటిదై రైతులకి పోతుంది. మాట నోటిదాకా వచ్చింది. కళ్ళు జ్ఞాపిక మీదికి పోయాయి.

“అంతా బాగుందండి,” అన్నాడు.

త్రినాధరావు కొబ్బరికాయ కొట్టి మీట నొక్కాడు. ఆ పూట వేలంలో ధర బాగా పడిపోయింది. మధ్యాహ్నానికి మాకవరపాలెం నుంచి వ్యాన్లు బెల్లం దిమ్మలతో వచ్చి నిలబడ్డాయి. బంగారయ్య అనే రైతు ఫోను చూపించాడు.

“ధర పెరిగేక అమ్ముదారని ఉంచుకున్న బెల్లం. మీ మెసేజీలో మంచి ధర సూసి తోలుకొచ్చేను. ఇప్పుడేటి సెయ్యమంటారు?”

త్రినాధరావు జాకీర్ వైపు తిరిగాడు. “ముందే సూసుకోవద్దా? ఇంక సాలు బాబూ, ఎల్లిపో.”

జాకీర్ శాంతికుమార్ ముఖంలోకి చూశాడు. ల్యాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని వైజాగ్ బస్సెక్కాడు.

సన్మానం మానేశారు. శాంతికుమార్‌కి నిజంగానే సంతోషం వేసింది. అందరూ వెళ్ళిపోయే దాకా ఉన్నాడు. చిన్నమ్మలు ఆఫీసు ఊడుస్తూ బల్ల దగ్గర ఆగి జ్ఞాపిక చూపించింది.

“ఇదేటి సెయ్యమంటారు బాబూ? జాకీర్ బాబు సొంత డబ్బెట్టి సేయించేరంట.”

జాకీర్ తనకి తనే సన్మానం చేసుకుందామనుకున్నాడా? ఆ పేరు కళ్ళారా చూసి నవ్వుకుందామని శాంతికుమార్ కాగితం ఓ పక్క చించాడు. అతని చెయ్యి ఆగిపోయింది. దాన్ని బల్ల మీదే వదిలేసి, చొక్కా సర్దుకుని మెట్లు దిగాడు.

చిరిగిన కాగితం సందులోంచి అద్దం మీద బంగారు రంగు అక్షరాలు కనిపిస్తున్నాయి: ‘ఈ ఆలోచన శ్రీ శాంతికుమార్ గారిది.’