ఎందుకైనా మంచిదని కొట్టిన వేపనూనె

హెబ్రోను ముప్పై ఏళ్లు రొయ్యల గుంటల మీద టెక్నీషియనుగా చేశాడు. తోటపల్లి గూడూరు చుట్టుపక్కల ఆయన దిగని గుంట లేదు. మనిషి మంచివాడే, పనిమంతుడే. కాని ఒక్క జబ్బుంది. ఎకరానికి రెండు కిలోల మందు చాలని డబ్బా మీద రాసి ఉంటే, "ఎందుకైనా మంచిది" అని మూడు వేసేవాడు. గుంటలో నీళ్లు బోలెడు కాబట్టి రొయ్యలు ఎలాగో సర్దుకుపోయేవి. భార్య రెబెక్కమ్మ మాత్రం సర్దుకుపోయే రకం కాదు. పప్పులో ఉప్పు వెయ్యడానికి కూడా ఆయన్ని వంటింట్లోకి రానిచ్చేది కాదు.

అలాంటి మనిషికి పరీక్ష వచ్చిపడింది. రెబెక్కమ్మకు నెల్లూరులో కంటి శుక్లం ఆపరేషన్ అయింది. నెలన్నర పాటు కంట్లో మందు చుక్కలు వెయ్యాలి. రెండు రకాలు, రోజుకు నాలుగుసార్లు, వేసినప్పుడల్లా ఒక్కొక్క చుక్క. ఆస్పత్రి నుంచి అటునుంచి అటే కూతురు అబిగయీలు తల్లిని కావలిలో తన ఇంటికి తీసుకుపోయింది.

"నాన్న చేతికి సీసా ఇస్తే ఎందుకైనా మంచిదని కంట్లో అంతా గుమ్మరిస్తాడు. నెలన్నర అమ్మ నా దగ్గరే," అని తేల్చేసింది.

నెలన్నరే! హెబ్రోనుకు గుండె గుభేలుమంది. పెళ్లయినప్పటి నుంచి ఆమె పక్కన లేకుండా ఆయన గట్టిగా వారం రోజులు ఉన్న పాపాన పోలేదు. మాటకు మాట చెప్పే మనిషి లేక ఇల్లు బావురుమంటోంది. ఫోనులో బతిమాలాడు, కోప్పడ్డాడు, మళ్లీ బతిమాలాడు. చివరికి రెబెక్కమ్మే తీర్పు చెప్పింది.

"ఇదో చూడయ్యా. ఆదివారం చర్చి అయినాక నేనూ అమ్మాయీ వస్తాం. నా చెట్లను చెప్పినట్టు చూసుకోనుంటే ఆడనే ఉండిపోతా. లేదంటే అదే కారులో కావలికి పోతా. ఏమంటావు?"

"ఓస్, చెట్లేగా!" అన్నాడు హెబ్రోను.

అనడం తేలికే. సముద్రం మీది ఉప్పుగాలికి వరండాలో ఏ మొక్కా బతకడం లేదని, రెబెక్కమ్మ నడిమి గదిలో అరల మీద పన్నెండు కుండీలు పెట్టుకుంది. బెగోనియాలు, ఫెర్న్‌లు, ఇంకా నోరు తిరగని పేర్లవి నాలుగు. కిటికీ లేని గది కాబట్టి పైన గొలుసులతో గ్రో లైట్లు వేలాడదీసింది. ఆ మొక్కలకు ఎండంటే అదే. తలుపు తీస్తే వీధిలోకి గులాబీరంగు వెలుగు పడేది. వీళ్లింట్లో రోజూ పెళ్లేనా అని పోయేవాళ్లు ఎగతాళి చేసేవాళ్లు.

గురువారం పొద్దున నీళ్లు పొయ్యబోతే బెగోనియా కాడల మీద తెల్లగా దూదిపింజల్లాంటివి కనిపించాయి. వేలితో గీరితే కదిలాయి. హెబ్రోను కావలికి ఫోను కొట్టాడు.

"పిండినల్లి అది. కంగారు పడబాక," అంది రెబెక్కమ్మ. "మెట్ల కింద వేపనూనె సీసా ఉండాది. లీటరు గోరువెచ్చని నీళ్లకి ఒక్క టీ చెంచా నూనె, నాలుగు చుక్కలు గిన్నెలు తోమే సబ్బు. బాగా గిలక్కొట్టి, ముందు ఒక్క ఆకు మీద..."

"మందు కొట్టేది నాకు నేర్పిస్తావా మే? ముప్పై ఏళ్లు నేను చేసిందేంది!" అని పెట్టేశాడు పెద్దమనిషి. అసలు చెప్పాల్సిందంతా ఆమె నోట్లోనే ఉండిపోయింది.

గుంటల మీద ఒక పద్ధతి ఉంది. మందు వేస్తే పొద్దెక్కినాక, మంచి ఎండలో, నీళ్లలోకి గాలి పట్టించే ఏరేటర్లు తిప్పుతూ వెయ్యాలి. మబ్బు రోజు వేస్తే నీళ్లలో గాలి చాలక రొయ్యలు చచ్చి తేలతాయి. ఆ పద్ధతి తప్పిన కుర్రాళ్లను హెబ్రోను ఎంతమందిని తిట్టాడో లెక్కలేదు. మరి తనెందుకు తప్పుతాడు? గదిలో లైట్లన్నీ వేశాడు. అవి చాలవనిపించి గొలుసులు వదిలి ఆకులకు జానెడు దూరానికి దించాడు. ఏరేటరు లేదు కాబట్టి టేబుల్ ఫ్యాను పెట్టాడు. చెంచా అందుబాటులో లేక నూనె సీసానే వంచాడు. ఎందుకైనా మంచిదని ఇంకోసారి వంచాడు. వేపనూనే కదా, దేవుడిచ్చిన చెట్టుది, ఏం చేస్తుందిలే అని పన్నెండు కుండీలకూ కారేటట్టు కొట్టి, తృప్తిగా భోజనం చేసి పడుకున్నాడు.

శుక్రవారం పొద్దున చూస్తే ఏముంది! ఆకులు మాడిన అట్ల మాదిరి అయి ఉన్నాయి. ఫెర్న్‌లు రెండూ తలలు వాల్చేశాయి. పిండినల్లి కూడా చచ్చింది, ఆ మాట ఒప్పుకోవాలి. ఇల్లంతా వేపనూనె కంపు. హెబ్రోను చెమటలు తుడుచుకుంటూ ఒక బెగోనియా కుండీని సంచిలో పెట్టుకుని, బండి మీద నెల్లూరులో మాల్యాద్రి నర్సరీకి పరుగెత్తాడు.

మాల్యాద్రి ఆకును ఒకసారి చూశాడు, వాసన చూశాడు.

"అన్నా, లైటు కింద కొట్టినావు కదా?"

"మందు ఎండలోనే గదా కొట్టాల్సింది!"

"అది గుంటన్నా, ఇది ఆకు. నూనె తడి మీద అంత దగ్గర్నుంచి లైటు పడితే వేగిపోదా? చెట్టు నూనె అయినా మందు మందే. లైట్లు ఆపి సాయంత్రం కొట్టాల. ఆరినాక, మర్నాడు వేసుకోవాల లైట్లు. అదీ ముందు ఒక ఆకు మీద కొట్టి, ఒకరోజు ఆగి, ఆకు బాగుంటేనే మిగతాదానికి. ఇప్పుడు పోయి ఉత్త నీళ్లతో ఆకులు కడుగు. లైట్లు పైకెత్తి రేపటిదాకా ఆపెయ్."

హెబ్రోను తల పట్టుకుని ఆదివారం సంగతి చెప్పాడు. మాల్యాద్రి నవ్వి, వెనక వరసల వైపు చెయ్యి చూపించాడు. అవే బెగోనియాలు, అవే ఫెర్న్‌లు, నిగనిగలాడుతూ.

"కుండీలు మార్చేసేయన్నా. అక్కకి కంటి ఆపరేషన్ గదా, ఏం కనిపెడతాది?"

హెబ్రోను ఆశగా చూశాడు. రెండు కుండీలు చేతిలోకి తీసుకున్నాడు కూడా. మళ్లీ కింద పెట్టాడు.

"వద్దులే తమ్ముడూ. దొంగ చెట్లు చూపించి మీ అక్కను తెచ్చుకుంటే, రేపు చుక్కలు వేసేటప్పుడు ఆ కంట్లోకి ఎట్టా చూసేది నేను?"

ఇంటికి వచ్చి ఒక్కొక్క ఆకూ నీళ్లతో కడిగాడు. లైట్లు ఎత్తి కట్టి, ఆపేశాడు. ఒక బెగోనియాకు అడుగున ఇంకా నాలుగు పురుగులు మిగిలాయి. శనివారం సాయంత్రం టీ చెంచా వెతికి, అంచు దాకా కొలిచి, సబ్బు చుక్కలతో లీటరు నీళ్లలో కలిపి, ఒకే ఒక్క ఆకు మీద కొట్టాడు. ఇక ఆగాలి. ఆగడమంటే ఆయనకు చేతకాని పని. సీసా వైపు చెయ్యి పోయినప్పుడల్లా ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని కూర్చున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం కారు దిగింది రెబెక్కమ్మ, నల్ల అద్దాలు పెట్టుకుని. గడప దగ్గరే ముక్కు ఎగబీల్చింది.

"ఎంత నూనె పోసినావయ్యా?"

అబిగయీలు లోపలికి పోయి లైటు వేసి, "చూడమ్మా, నేను చెప్పలా! మొత్తం మాడ్చిపెట్టినాడు," అంది. గెలిచిన గొంతు.

రెబెక్కమ్మ ఆకులను వేళ్లతో తడుముతూ అరలన్నీ తిరిగింది. ఒక ఆకుకు దారంతో చీటీ కట్టి ఉంది. పక్కనే ఒక నోటుబుక్కు. గుంటల మీద ఏ రోజు ఏ మందు వేసిందీ, ఎన్ని రొయ్యలు చచ్చిందీ రాసే అలవాటు టెక్నీషియన్లకు చచ్చినా పోదు.

"చదువమ్మా అది," అంది కూతురితో.

అబిగయీలు చదివింది. "గురువారం. వేపనూనె. డోసు: తెలియదు, వంచినాను. లైట్లు: ఫుల్లు. తప్పు: నాదే, ఫోను పెట్టేసినాను. మోర్టాలిటీ: ఫెర్న్‌లు రెండు, ఆకులు నలభై ఆరు. శుక్రవారం: కడిగినాను. కొత్తవి కొనబోయి మానుకున్నాను. శనివారం సాయంత్రం ఐదు: ఒక్క చెంచా, ఒక్క ఆకు, లైట్లు ఆపి. రేపు ఐదు దాకా ముట్టకూడదు. రాత్రి తొమ్మిది: ముట్టలేదు. పొద్దున ఆరు: ముట్టలేదు. తొమ్మిది: చర్చికి పోతున్నా, ముట్టలేదు. పన్నెండు: ముట్టలేదు." చదువుతూ చదువుతూ అబిగయీలు గొంతు తగ్గింది.

రెబెక్కమ్మ కుర్చీలో వెనక్కి వాలి అద్దాలు తీసింది.

"చేతులు కడుక్కోనిరాయ్యా. చుక్కల టైమయింది."

హెబ్రోను మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుని వచ్చాడు. చుక్కల సీసాలతో ఉన్న డాక్టరు చీటీ చదువుకున్నాడు. కింది రెప్ప లాగి, ఒక్క చుక్క వేశాడు. ఒక్కటే. సీసాకు మూత పెట్టి, గడియారం ముందు నిలబడ్డాడు.

"ఏంది ఆ నిలబడేది?"

"రెండో మందుకి ఐదు నిమిషాలు ఆగాలని చీటీలో రాసుండాది."

అబిగయీలు వాచీ చూసుకుంది. "అమ్మా, పొద్దుపోతాంది. బ్యాగు కారులో పెట్టనా?"

"పెట్టుకో," అంది రెబెక్కమ్మ కళ్లు మూసుకునే. "నీది పెట్టుకో. నాది లోపల పెట్టు."