రెండున్నర అంగుళాల ట్రాక్

మొహమాటం మనవాళ్ళకి పుట్టుకతో వచ్చే జబ్బు. పాస్‌పోర్టు మారుతుంది, పౌరసత్వం మారుతుంది, అది మాత్రం చచ్చినా మారదు. పెళ్ళిభోజనంలో నాలుగో లడ్డూ వద్దనలేక తిన్నవాడికి మహా అయితే కడుపునొప్పి వస్తుంది, ఆ కథ చెప్పుకుని నవ్వుకుంటాం. శ్రీదివ్య మొహమాటం కథ విని ఇంతవరకూ ఎవరూ నవ్వలేదు.

శ్రీదివ్యది కాకినాడ. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, స్కిల్డ్ వీసా మీద ఆస్ట్రేలియా వచ్చి, సిడ్నీ పక్కన పారమట్టాలో పద్నాలుగు నెలలు ఉద్యోగం కోసం కాళ్ళరిగేలా తిరిగింది. ఎక్కడికెళ్ళినా ఒకటే పాట, లోకల్ ఎక్స్‌పీరియన్స్ లేదని. ఉద్యోగం ఇస్తేనే గదా నాయనా ఎక్స్‌పీరియన్స్ వచ్చేది! ఆ మాట అడిగే నోరు ఆమెకు లేదు. థాంక్యూ చెప్పి బయటికొచ్చేసేది. చివరికి మెల్‌బోర్న్‌కి మారి, అక్కడ ఒక గుడిలో ప్రసాదం వడ్డిస్తుంటే రామానుజం గారి కంటబడింది.

రామానుజం గారికి అరవై రెండేళ్ళు, సొంతూరు తెనాలి. విక్టోరియా కొండల్లో ఒక స్కీ రిసార్ట్ ఉంది. అక్కడ మంచు మీద తిరిగే బళ్ళన్నిటికీ ముప్పై ఏళ్ళుగా ఆయనే పెద్ద దిక్కు. కొండ మీద అందరూ ఆయన్ని రామ్ అంటారు. "చదివింది ఇంజనీరింగూ, చేసేది పులిహోర వడ్డనా? సోమవారం మా వర్క్‌షాప్‌కి వచ్చెయ్యమ్మా, మిగతాది నేను చూసుకుంటా" అన్నారు. నిజంగానే చూసుకున్నారు. ఆయన భార్య శేషుకుమారి గారు మెల్‌బోర్న్ శివారు వెర్రిబీలోని తమ ఇంట్లో ఆ సోమవారం దాకా ఉంచుకుని గోంగూరతో అన్నం పెట్టి, తన మంచుకోటు తొడిగి మరీ కొండకి పంపారు. అప్పటినుంచి వాళ్ళు అంకుల్, ఆంటీ. పరాయి దేశంలో ఇంత ఆదరణ దొరికితే ఎవరి మనసు కరగదు చెప్పండి? శ్రీదివ్య మనసు మరీ ఎక్కువ కరిగింది. అక్కడే వచ్చింది చిక్కంతా.

ఉద్యోగంలో చేరిన మూడో ఏడు ఏప్రిల్‌లో, అక్కడ జూన్‌లో మొదలయ్యే మంచు సీజన్‌కి ముందు, స్కీ పెట్రోల్ వాళ్ళ, అంటే మంచులో దెబ్బతిన్నవాళ్ళని కాపాడే గస్తీ దళం వాళ్ళ, స్నోమొబైల్‌కి కొత్త ట్రాక్ కొనాల్సి వచ్చింది. స్నోమొబైల్ అంటే ముందు రెండు స్కీలు, వెనక చక్రాలకి బదులు గుండ్రంగా తిరిగే వెడల్పాటి రబ్బరు పట్టా. ఆ పట్టానే ట్రాక్ అంటారు. దాని మీద వరసగా రబ్బరు పళ్ళుంటాయి. బండి మంచుని పట్టుకునేది ఆ పళ్ళతోనే. కొత్తగా కురిసిన మెత్తటి మంచులో పొడుగు పళ్ళు కావాలి, పారల్లాగా తవ్వుకుంటూ పోతాయి. అద్దంలా గడ్డకట్టిన దారి మీద అవే పళ్ళు వంగిపోయి జారతాయి. అక్కడ పొట్టిగా, గట్టిగా, దగ్గర దగ్గరగా ఉన్న పళ్ళు కావాలి, మధ్యమధ్య ఇనుప మేకులు బిగించాలి. ఇదేం బ్రహ్మవిద్య కాదు.

రామానుజం గారి మనసు మాత్రం రెండున్నర అంగుళాల పొడుగు పళ్ళ ట్రాక్ మీద ఉంది. దానికి కారణం లేకపోలేదు. క్రితం ఆగస్టులో ఒక్కరోజులో నడుంలోతు మంచు పడి, పెట్రోల్ బండి దిగబడిపోయి, కాలు విరిగిన ఒక పెద్దాయన రెండు గంటలు చలిలో పడుండాల్సొచ్చింది. ఆ రెండు గంటలు రామానుజం గారి గుండెలో ముల్లులా ఉండిపోయాయి. ఇంకోసారి బండి దిగబడకూడదు, అంతే.

శ్రీదివ్య ఐదేళ్ళ పెట్రోల్ రికార్డులు ముందేసుకుని కూర్చుంది. బండి బయటికెళ్ళిన రోజుల్లో మెత్తటి మంచు రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మిగతావన్నీ పగలు కరిగి, రాత్రి వాన పడి, తెల్లారేసరికి గాజులా బిగుసుకున్న దారులే. పొట్టి పళ్ళు, అంగుళంపావు, మేకులతో. ఇందులో రెండో మాట లేదు. కాగితం మీద నీటుగా రాసుకుని, మడిచి జేబులో పెట్టుకుని మీటింగ్‌కి వెళ్ళింది.

మీటింగ్‌లో ఎనిమిదిమంది. పెట్రోల్ పెద్ద ట్రేసీ కూడా ఉంది. రామానుజం గారు పావుగంట మాట్లాడారు, ఆ పెద్దాయన సంగతి రెండుసార్లు చెప్పారు. అయ్యాక శ్రీదివ్య వైపు తిరిగి అందరి ముందూ తెలుగులో అడిగారు: "ఏమ్మా, నీకేమనిపిస్తోంది? చెప్పు."

అందరూ ఆమెనే చూస్తున్నారు. జేబులో కాగితం ఉంది. నోట్లో మాట ఉంది. ఇంతమంది తెల్లవాళ్ళ ముందు, తనకి ఉద్యోగమిచ్చిన మనిషిని, తండ్రి లాంటివాణ్ణి, మీరు చెప్పింది తప్పండీ అనడమా! తర్వాత వేరుగా చెబుదాంలే అనుకుంది.

"మీరు చెప్పిందే కరెక్ట్ అంకుల్. గుడ్ ఛాయిస్" అంది.

తర్వాత చెబుదాం అనుకున్న మాట ఏనాడైనా ఎవరైనా చెప్పారా? ఆ మధ్యాహ్నమే టిఫిన్ బాక్సులు విప్పినప్పుడు శ్రీదివ్య గొంతు సవరించుకుంది. "అంకుల్, ఆ ట్రాక్ గురించి..." అని మొదలుపెట్టింది కూడా.

"ఆర్డర్ పెట్టేశానమ్మా! నాకూ కాస్త అనుమానంగానే ఉండింది, ఐస్ మీద ఎట్లా ఉంటుందోనని. నువ్వు ఓకే అన్నావు, ఇంక ధైర్యం వచ్చింది" అన్నారాయన పెరుగన్నం కలుపుకుంటూ. "ఇంతకీ ఏంటీ, ఏదో అనబోయావు?"

"ఏం లేదంకుల్. ఎప్పుడొస్తుందా అని."

ఛీ, ఛీ! ఆ క్షణం తలుచుకున్నప్పుడల్లా శ్రీదివ్యకి తన నాలుక తనే కోసేసుకోవాలనిపిస్తుంది.

ట్రాక్ వచ్చింది. మే నెలలో ఇద్దరూ కలిసే బిగించారు. రామానుజం గారు కుంకుమ పెట్టి, స్కీల కింద నిమ్మకాయలు పెట్టి, ట్రేసీ చేత కూడా దణ్ణం పెట్టించారు. జూన్‌లో ఏమీ కాలేదు. జూలైలో రెండుసార్లు బండి పక్కకి జారిందని పెట్రోల్ వాళ్ళు చెప్పారు. శ్రీదివ్య ఆ రాత్రి పొట్టి ట్రాక్ కోసం సప్లయర్‌కి మెయిల్ రాసింది. పంపాలంటే రామానుజం గారికి చూపించాలి. చూపిస్తే, మరి ఆ రోజెందుకు ఊ అన్నావని అడుగుతారు. మెయిల్ డ్రాఫ్టుల్లోనే ఉండిపోయింది.

అది జూలై పంతొమ్మిది. రాత్రంతా వాన, తెల్లవారుజామున చలి బిగిసింది. ఎనిమిదింటికి పైనున్న పెట్రోల్ గుడిసెకి ఆక్సిజన్ సిలిండర్ పంపాలి. కుర్రాళ్ళు ఇంకా రాలేదు, నేనే ఇచ్చొస్తానని రామానుజం గారు హెల్మెట్ పెట్టుకున్నారు. పదింటిదాకా ఆగు రామ్, ఎండకి దారి కాస్త మెత్తబడనీ అని ట్రేసీ వారించింది. ఆయన నవ్వి, ఈ ట్రాక్‌కి మా ఇంజనీరు కూడా ఓటేసింది, ఏం కాదు అని బండి ఎక్కారు. శ్రీదివ్య అప్పటికి ఇంకా క్వార్టర్స్‌లో కాఫీ తాగుతోంది. ఈ మాటలన్నీ తర్వాత ట్రేసీయే చెప్పింది, పాపం, చెడు ఉద్దేశంతో కాదు.

వాలు మీద అడ్డంగా వెళ్ళే దారిలో బండి వెనకభాగం జారింది. నలభై మీటర్లు కిందికి వెళ్ళి చెట్టుకి గుద్దుకుంది. శ్రీదివ్య పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి హెలికాప్టర్ శబ్దం వినిపిస్తోంది. దారి మీద ట్రాక్ తిరిగినచోట పళ్ళు దిగిన చిన్న గీత కూడా లేదు, తడిబట్టతో తుడిచినట్టుంది. ఆమె అక్కడే కూలబడి గట్టిగా ఏడ్చేసింది.

విచారణకొచ్చినవాళ్ళు ట్రాక్ ఎవరు ఎంచుకున్నారని అడిగారు. మీటింగ్ మినిట్స్‌లో ఉంది: అందరూ ఒప్పుకున్నారు. వాళ్ళు రాసుకుని వెళ్ళిపోయారు.

మెల్‌బోర్న్ ఆసుపత్రిలో ఐదోరోజుకి రామానుజం గారు మాట్లాడగలిగారు. తుంటి నుజ్జయింది, ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. శేషుకుమారి గారు మందుల గురించి నర్సుని అడగడానికి బయటికెళ్ళినప్పుడు ఆయన శ్రీదివ్యని దగ్గరికి రమ్మన్నారు. దారంతా ఆమె అనుకుంటూనే వచ్చింది, ఇవాళ చెప్పేస్తాను, కాళ్ళు పట్టుకుని చెప్పేస్తాను అని.

"దివ్యా, ఒకటడుగుతా. ఆ ట్రాక్ ఐస్ మీద పట్టదని నీకు ముందే తెలుసా?"

అంతకంటే తేలిగ్గా ఎవరు అడుగుతారు? తలుపు బార్లా తెరిచిపెట్టారు మహానుభావుడు. శ్రీదివ్య ఆయన ముక్కులోని గొట్టాలు చూసింది, ఆ పాలిపోయిన మొహం చూసింది. ఇప్పుడీ మనిషికి ఈ మాట చెప్పి ఇంకా బాధపెట్టాలా అనుకుంది.

"లేదంకుల్, నాకేం తెలుసు? మీరే కాదు, ఎవరైనా అదే కొనేవాళ్ళు."

ఆయన ఆమెను కాసేపు చూశారు. "పోన్లేమ్మా" అన్నారు. "అన్నం తిన్నావా?" అని అడిగారు.

మరో నాలుగు రోజులకి పోయారు.

పన్నెండోరోజు అయ్యాక, చుట్టాలూ స్నేహితులూ ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళాక, ఒక ఆదివారం మధ్యాహ్నం శ్రీదివ్య వెర్రిబీ వెళ్ళింది. శేషుకుమారి గారు వంటింటి బల్ల దగ్గర ఒక్కరే కూర్చుని ఉన్నారు. కాఫీ కలిపి ఇచ్చారు. నువ్వేం తింటున్నావే, చిక్కిపోయావు అన్నారు. శ్రీదివ్య కళ్ళు దించుకుంది.

"మీ అంకుల్ చివర్లో ఒక మాటన్నారే" అని శేషుకుమారి గారే ఎత్తుకున్నారు. "నువ్వొచ్చి వెళ్ళినరోజే. ఆ పిల్లకి తెలుసు శేషూ, ముందే తెలుసు, అన్నారు. ఎవరైనా అదే కొనేవాళ్ళు అన్నావట నువ్వు. ఇంజనీరు అట్లా మాట్లాడదు, నా మనసు నొచ్చుకుంటుందని అట్లా అంది, అన్నారు. అందరి ముందు అడగడం నాదే తప్పు, మన పిల్లల్ని పక్కకి పిలిచి అడగాలి, ముప్పై ఏళ్ళు ఇక్కడుండి నేనే మర్చిపోయాను అని ఒకటే బాధ."

శ్రీదివ్య కప్పు బల్ల మీద పెట్టేసింది.

"నేను పోట్లాడానే ఆయనతో! చావుబతుకుల్లో ఉన్న మనిషితో పోట్లాడాను. అదేం మాటండీ, తెలిస్తే చెప్పదా, మన ఇంటి పిల్ల, మీ ప్రాణం మీదికొస్తుంటే చూస్తూ ఊరుకుంటుందా అన్నాను. ఆ రోజంతా మొహం అటు తిప్పుకుని కూర్చున్నాను, మాట్లాడలేదు." ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకున్నారు. "ఆయన లేరు. నువ్వైనా చెప్పు తల్లీ. నీకు తెలీదు కదూ? నేనన్నదే నిజం కదూ?"

ఆవిడ అడుగుతున్నదేమిటో శ్రీదివ్యకి తెలుస్తూనే ఉంది. అవునాంటీ అంటే చాలు. ఆవిడకి కొంచెం ఊరట, తనకి ఈ ఇల్లు, ఈ కాఫీ, ఈ పిలుపు మిగులుతాయి. కానీ అవును అంటే, ఆ మంచం మీద పడుకుని నిజం చెప్పిన మనిషి అబద్ధం చెప్పినట్టవుతుంది. ఆయన్ని ఇంకోసారి కిందికి తోసినట్టే.

"కాదాంటీ" అంది. "అంకుల్ అన్నదే నిజం. నాకు తెలుసు. మీటింగ్‌కి ముందే తెలుసు. కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకెళ్ళాను. చెప్పలేకపోయాను."

శేషుకుమారి గారు కొంగు వదిలేసి సూటిగా ఆమె మొహంలోకి చూశారు.

"ఎందుకే?"

"మొహమాటపడ్డానాంటీ."

"ఎంతసేపు పట్టేది, ఆ మాట చెప్పడానికి?"

"అర నిమిషం."

ఆవిడ లేచి, శ్రీదివ్య ముందునుంచి కప్పు తీసి సింకులో పెట్టారు. అందులో కాఫీ సగం అలాగే ఉంది. వెనక్కి తిరగకుండానే మాట్లాడారు.

"ఆయన నిన్ను క్షమించేశారు. అది ఆయన మంచితనం. నా వల్ల కాదమ్మా. రేపు బజార్లో కనబడితే పలకరించి, లోపల్లోపల తిట్టుకుంటూ ఉండలేను. అందుకే మొహం మీదే చెబుతున్నాను. ఇంక మా ఇంటికి రావద్దు."

ఒక్కసారి కాళ్ళ మీద పడాలనిపించింది, ఏడవాలనిపించింది, ఆంటీ మీరు తప్ప నాకిక్కడ ఎవరున్నారని అడగాలనిపించింది. అవేవీ ఆవిడ బాధకి సాటిరావని తెలుసు.

"అలాగేనాంటీ" అంది శ్రీదివ్య. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని, తలుపు తనే దగ్గరికి లాగి వెళ్ళిపోయింది.