బంగారమ్మ గారి ఫైలు

"పూతరేకుల మడతల్లో పెట్టేస్తే దేవుడిక్కూడా కనపడవమ్మా," అంటూ అట్టపెట్టె మూత తీసి చూపించింది బంగారమ్మ. "కిందటిసారి చిన్న పెట్టె అయిపోయింది. ఈసారి పెద్దది తెచ్చాను. ఆరు నెలల బిళ్ళలు పట్టేస్తాయి."

నెయ్యి వాసన గుప్పుమంది. కోడలు శ్రీసత్యకి నవ్వొచ్చింది. నవ్వగానే నడుంలో ఎవరో తీగ పట్టి లాగినట్టయి, మంట ఎడం కాలి మడమ దాకా పాకింది. నవ్వూ నొప్పీ ఆమెలో ఎప్పుడూ పక్కపక్కనే ఉంటాయి. వచ్చిన చిక్కల్లా అదే. చూసేవాళ్ళకి నవ్వొక్కటే కనిపిస్తుంది.

అత్తాకోడళ్ళిద్దరూ రాజమండ్రిలో ఎముకల డాక్టరు గారి అరుగు మీద కూర్చున్నారు. ఆ ఆసుపత్రి ఒకప్పుడు ఎవరిదో పాత ఇల్లు. గోడలకి తెల్ల రంగు వేశారు, లోపల ఏసీలు పెట్టారు గానీ గడప మాత్రం అలాగే ఉంచేశారు. పసుపు రాసి, బొట్లు పెట్టి, నిండుగా ఉంది. బంగారమ్మ దాన్ని చూసి నిట్టూర్చింది.

"ఆసుపత్రి అయితే మాత్రం గడప గడపేనమ్మా. ఆషాఢంలో అత్తాకోడళ్ళు ఒకే గడప దాటకూడదు. నువ్విక్కడే ఉండు. నేను వెళ్ళి చెప్పి రాయించుకొస్తాను."

"నొప్పి నాది కదండి అత్తయ్యా."

"ఫైలు నాది కదమ్మా," అంది బంగారమ్మ, అందులో వింతేమీ లేనట్టు.

పెళ్ళయి పదకొండు నెలలు. ఇది మొదటి ఆషాఢం. కొత్త కోడలు పుట్టింట్లో ఉండాల్సిన నెల కాబట్టి మస్కట్ నుంచి శ్రీసత్య ఒక్కతే ఎందుకొచ్చిందని పుట్టిన ఊరు రామచంద్రపురంలో ఎవరూ అడగలేదు. పొద్దున్న బస్సు కడియం మీదుగా వస్తుంటే నర్సరీల్లో వరసలు వరసలుగా బంతి మొక్కలు, వాటిమీద గొట్టాలతో నీళ్ళు చల్లుతున్న ఆడవాళ్ళు కనిపించారు. కిటికీలోంచి ఆ తుంపర చెయ్యి మీద పడితే చిన్నపిల్లలా మురిసిపోయింది. పక్క సీటావిడ చూసి, "కొత్త పెళ్ళికూతురివా అమ్మా?" అని అడిగింది కూడా. అప్పటికి నలభై నిమిషాలుగా ఆమె ఒక తుంటి మీదే బరువు మోపి కూర్చుంది. ఆ సంగతి పక్క సీటావిడకేం తెలుస్తుంది?

మొగుడు సూర్యతేజకీ అలాగే తెలియదు. అతను చెడ్డవాడు కాడు. శుక్రవారం సాయంత్రాలు సముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళి కాగితం గ్లాసులో చిక్కటి టీ ఇప్పిస్తాడు. ఆమె గాజులు కొనుక్కుంటే చేతిని వెలుగులోకి తిప్పి చూస్తాడు. కానీ ఆమె పక్క మీంచి లేవలేని పొద్దుల్లో మాత్రం విసుక్కుంటాడు. "నిన్న గాజుల కొట్లో ఇకఇకలాడావుగా! నొప్పున్నవాళ్ళు అలా నవ్వుతారా ఎక్కడైనా?" అంటాడు. ఆ మాట విన్నాక కొన్నాళ్ళు ఆమె నవ్వు మానేసి చూసింది. నొప్పి తగ్గలేదు సరిగదా, టీ రుచి కూడా పోయింది. అందుకని మళ్ళీ నవ్వడం మొదలుపెట్టింది.

ఈ నొప్పికి ఐదేళ్ళు. డిగ్రీ రెండో ఏడు వానలో కాలేజీ బస్సు మెట్టు జారి పడినప్పుడు నడుంలో ఏదో నరం నలిగింది. ఆసుపత్రి కిటికీ దగ్గర పేరడిగితే అమ్మ సత్యవాణి తన పేరే చెప్పేసింది. "పెళ్ళి కావాల్సిన పిల్ల పేరు ఆసుపత్రి పుస్తకంలో ఎందుకూ? రేపు సంబంధం వాళ్ళు ఆరా తీస్తే?" అంది. అలా నాలుగేళ్ళు సత్యవాణి పేరున మందులు వచ్చాయి, శ్రీసత్య మింగింది. పెళ్ళయిన మూడో వారం అత్తవారి వాకిట్లో ముగ్గు వేసి, వంగినది వంగినట్టే లేవలేకపోయింది. బంగారమ్మ తిట్టలేదు. చెయ్యి పట్టి గదిలోకి తీసుకెళ్ళి తలుపు మూసింది. "మీ మావయ్యగారి చెవిన పడకూడదు. మన భీమవరంలో చూపిస్తే సాయంత్రానికల్లా మనవాళ్ళందరికీ తెలిసిపోద్ది. మొన్ననే తెచ్చుకున్న కోడలు, అప్పుడే నడుం పడిపోయిందంటారు. పిల్లల్ని మొయ్యలేదంటారు. నాకెలాగూ వయసొచ్చింది, నా పేరున రాయిద్దాం," అని కొవ్వూరు వంతెన దాటించి ఇక్కడికి తీసుకొచ్చింది. స్కాను బల్ల మీద పడుకున్నది శ్రీసత్య, ఫిలిం మీద పడ్డ పేరు బంగారమ్మది, వయసు యాభై నాలుగు. పేరు రాసుకున్నవాడు తలెత్తి మొహం కూడా చూడలేదు. పెళ్ళితో ఇంటిపేరు మారినట్టే, నొప్పి కూడా అమ్మ పేరు మీంచి అత్త పేరు మీదికి మారిపోయింది. అప్పగింతల్లో దాన్ని కూడా అప్పగించేసినట్టు.

మస్కట్ వెళ్ళేటప్పుడు బిళ్ళలు పూతరేకుల్లో సర్దింది బంగారమ్మే. అప్పుడది ముద్దుగా అనిపించింది. ఒక్కో పూతరేకు విప్పడం, లోపల బెల్లం తునకలతో పాటు ఒక మందుల పట్టీ దొరకడం, అత్తగారి తెలివికి మొగుడూ పెళ్ళాలు పొట్ట పట్టుకుని నవ్వుకోవడం. నాలుగు నెలలకి అవి అయిపోయాయి. అక్కడి డాక్టరు ఫైలు తిరగేసి, "బంగారమ్మ ఎవరు?" అని అడిగాడు.

"మా అత్తగారండి. కానీ నొప్పి నాది."

ఆయన కోప్పడలేదు. ఒకరి కాగితం మీద ఇంకొకరికి ఈ మందు ఇవ్వలేనన్నాడు. ఇది మామూలు నొప్పి బిళ్ళ కాదనీ, పాస్‌పోర్టులో ఉన్న పేరుతో, వైద్యం చేస్తున్న డాక్టరు ఉత్తరం లేకుండా ఈ దేశంలోకి తెస్తూ పట్టుబడితే చాలా ఇబ్బంది అవుతుందనీ నెమ్మదిగా చెప్పాడు. ఆమె వెన్నులో నొప్పితో పాటు చలి కూడా పుట్టింది. బయటికొచ్చాక సూర్యతేజ కారు తాళం తిప్పుతూ నవ్వేశాడు. "అయితే అమ్మనే ఇక్కడికి రప్పించేద్దాం. అమ్మ మింగుద్ది, నీకు తగ్గుద్ది." తరవాత, "ఆషాఢం వస్తోందిగా, వెళ్ళి పట్రా. కిందటిసారి ఎవరు చూశారు?" అన్నాడు.

ఇప్పుడామె చేతిసంచిలో పాస్‌పోర్టు ఉంది. శ్రావణం మొదటి వారానికి టికెట్టు కొనేశారు.

"అత్తయ్యా, ఆ పూతరేకుల్లో పెట్టకండి. నాకు భయంగా ఉంది. లోపల డాక్టరు గారిని నా పేరున ఒక ఉత్తరం అడగండి."

"ఏడాదిగా నా పేరున రాస్తున్న మనిషి నీ పేరున ఉత్తరం ఎలా ఇస్తాడమ్మా? ఇన్నాళ్ళూ అబద్ధమాడానని నా నోటితో నేనే చెప్పనా? ఆ వంకర బుద్ధులన్నీ ఇప్పుడెందుకు? నువ్వు నవ్వుతూ ఉండు, ఎవరూ పెట్టె విప్పరు."

లోపల్నుంచి, "బంగారమ్మ గారూ!" అని పిలిచారు. ఆవిడ మోకాళ్ళ మీద చేతులు ఆనించి, పళ్ళు బిగపట్టి లేచి, గడపకి దణ్ణం పెట్టుకుని దాటింది.

డాక్టరు గది కిటికీ అరుగు వైపే ఉంది. ఎప్పుడూ ఉండే డాక్టరు జయపాల్ గారి దగ్గు వినపడలేదు. ఎవరో ఆడగొంతు. "ఆయన సెలవులో ఉన్నారండి. నా పేరు క్రిస్టినా. నొప్పి ఎక్కడమ్మా?"

"ఎడం పక్కండి. నడుం దగ్గర మొదలై పిక్కలోంచి మడమ దాకా లాగేస్తదండి. తుమ్మినా, నవ్వినా ఎక్కువవుద్దండి," అని బంగారమ్మ ఏకరువు పెట్టింది. ఒక్క మాట తప్పలేదు. తన ఒంట్లోని సంగతి ఇంకొకరి నోటి వెంట అంత వరసగా వినిపిస్తుంటే శ్రీసత్య తన కాలిని తనే తడుముకుంది.

"ఏదీ, పడుకోండి. కాలు పైకెత్తుతాను. ఎక్కడ నొప్పొస్తే అక్కడ చెప్పండి."

బల్ల కిర్రుమంది. జయపాల్ గారెప్పుడూ ఇలా చెయ్యలేదు. ఫిలిం చూసేవారు, రాసేసేవారు.

"అబ్బా! ఇదిగోనండి, వచ్చేసింది!"

"నేనింకా ఎత్తలేదండి."

శ్రీసత్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మంట మడమ దాకా పరిగెత్తింది. నవ్వు ఆగేసరికి లోపల మాటల తీరు మారిపోయింది.

"నడుం చక్కగా ఉందమ్మా మీకు. మోకాళ్ళు చూస్తే మాత్రం రెండూ బాగా అరిగాయి. అసలు నడవడమే కష్టమయి ఉండాలే! మరి ఏడాదిగా ఫైల్లో మోకాళ్ళ మాటే లేదేంటి?"

"నొప్పుంటే మటుకు ఏం చేస్తామండి. వండటం ఆగుద్దా, వడ్డించటం ఆగుద్దా," అంది బంగారమ్మ. ఆ మాట ఎవరూ నేర్పింది కాదు. అరుగు మీద కోడలికి మొదటిసారిగా అత్తగారి గొంతు వినపడింది.

"ఈ తెల్ల బిళ్ళ మీకు అక్కర్లేదు. అలవాటైపోయే మందిది. పది రోజులు సగం బిళ్ళ చొప్పున వేసుకోండి, తరవాత మానేద్దాం."

"అయ్యో, అలాగనకండి! ఆరు నెలలకి రాయండి!"

"అవసరం లేని మనిషికి ఎలా రాస్తానమ్మా?"

అప్పుడే ఫోను మోగింది. సూర్యతేజ. "ఎన్ని ఇచ్చారు?"

"ఆపేశారండి. పది రోజులకి సగం బిళ్ళలంట."

"అదేంటి? అమ్మకి సరిగ్గా చెప్పడం నేర్పలేదా నువ్వు?" అంతలోనే లాలనగా అన్నాడు. "సరేలే. వేడినీళ్ళ కాపడం పెట్టుకుందువుగాని. టికెట్టు మటుకు మార్చకు. ఇరవై రోజులైంది సత్యా ఇంటి తిండి తిని. సింకు నిండా గిన్నెలు, వేసుకోడానికి ఒక్క ఉతికిన చొక్కా లేదు. నువ్వొచ్చి నవ్వుతూ తిరిగితే ఇల్లు ఇల్లులా ఉంటది."

అతను ప్రేమగానే అన్నాడు. అదే ఆమెకి ఊపిరాడనివ్వలేదు. ఆ సింకు ముందు, నడుం మీద తడిగుడ్డ చుట్టుకుని, బిళ్ళ లేకుండా నిలబడిన తనని తనే చూసుకుంది. ఎవరికి చెప్పుకోవాలి? అమ్మకి చెబితే అత్తగారిని అడగమంటుంది. అత్తగారికి చెబితే నవ్వుతూ ఉండమంటుంది. అక్కడి డాక్టరు కాగితం తెమ్మంటాడు. ఐదేళ్ళ కాగితాల్లో ఆమె పేరున్న కాగితం ఒక్కటీ లేదు. నొప్పి ఉంది, అది ఉన్న మనిషే ఎక్కడా లేదు.

"ఉంటానండి," అని ఫోను పెట్టేసింది. గోడ పట్టుకుని లేచింది. గడప ముందు నిలబడింది. ఇది దాటితే అత్తకో కోడలికో కీడంటారు. లోపల చూస్తే బంగారమ్మ బల్ల దిగడానికి కాలు నేలకి ఆనించలేక అవస్థ పడుతోంది.

ఆవిడ తలెత్తి చూసి కంగారుగా చెయ్యి అడ్డం ఊపింది. "అమ్మాయ్, ఆషాఢం! నేనింకా లోపలే ఉన్నాను!"

శ్రీసత్య కుడి కాలు ముందు పెట్టి, ఎడం కాలు ఈడ్చుకుంటూ దాటింది. అత్తగారి మోచెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. డాక్టరు వైపు తిరిగింది.

"ఆ ఫిలిం నాదండి."

డాక్టరు ఫిలిం వంక, దానిమీది వయసు వంక, ఆమె వంక చూసింది. తరవాత ఫైలు మూసేసింది. "మీరిద్దరూ చేసింది చాలా తప్పు. ఎంత ప్రమాదమో తెలుసా?"

"తెలుసండి. నాకు నా పేరున ఉత్తరం కావాలి."

"ఇవాళ ఇవ్వలేను. మళ్ళీ స్కాను తీయాలి, నేను పరీక్ష చెయ్యాలి, కొన్నాళ్ళు నా దగ్గర చూపించుకోవాలి. ఈ బిళ్ళే రాస్తానని కూడా ఇప్పుడే చెప్పలేను. ఎప్పుడు వెళ్ళాలి మీరు?"

"శ్రావణంలో అండి."

"కుదరదమ్మా."

శ్రీసత్య తలూపింది. సంచిలో ఫోను మళ్ళీ మోగి, దానంతటదే ఆగింది. డాక్టరు కొత్త కాగితం తీసుకుని పేరడిగి రాసింది. వయసు ఇరవై ఐదు అని రాసింది. ఆ రెండు మాటలూ తలకిందులుగా కనిపిస్తుంటే, ఇంత దిగుల్లోనూ, బస్సులో చేతి మీద పడ్డ తుంపరలా ఏదో చల్లగా తగిలింది.

"చెప్పండి. నొప్పి ఎక్కడ?"

నోరు తెరిచింది. ఐదేళ్ళుగా పక్కన కూర్చుని విన్నదే గానీ, ఆ ప్రశ్నకి తన నోటితో ఎప్పుడూ జవాబు చెప్పలేదు. బంగారమ్మ ఆగలేక, అలవాటు కొద్దీ ముందుకి వంగి, "ఎడం పక్కండి, నడుం దగ్గర మొదలై..." అని అందుకుంది.

శ్రీసత్య ఆవిడ అరిగిన మోకాలి మీద మెల్లగా చెయ్యి వేసింది.

"మీరుండండి అత్తయ్యా. నేను చెప్పుకుంటాను. తరవాత మీది మీరు చెబుదురుగాని."