మంచుకు కట్టిన రబ్బరు

గోదావరి పొంగి ఏటూరునాగారం ఇళ్లలోకి నీళ్లొచ్చిన ఏడాది అది. ఆ వరదకు ములుగు అడవి దారులు తెగిపోయి కలప లారీలు రెండు నెలలు కదల్లేదు. అవి కదలకపోయేసరికి, వరంగల్ కాశిబుగ్గలో అరిగిన టైర్లకు కొత్త రబ్బరు కట్టే కట్టయ్య షెడ్డులో పొయ్యి చల్లారింది. దీపావళి వెళ్లాక వెంకట్రాజం సేటు కబురు పెడితే, కట్టయ్య చేతులు తుడుచుకుని అప్పటికప్పుడే పోయాడు.

వెంకట్రాజం కొత్తవాడ మగ్గాల మీద నేసిన జంపఖానాలు కొని దూరదేశాలకు పంపే వర్తకుడు. సొంత లారీ ఒకటుంది. దాన్ని నడిపేవాడు కొమురెల్లి. కొమురెల్లి కట్టయ్యకు స్వయానా బామ్మర్ది, భార్య సారలమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. తల్లి పోయేనాటికి వాడికి నాలుగేళ్లు. సారలమ్మే చంకనేసుకుని తిప్పి, తన పెళ్లయ్యాక కూడా వెంట తెచ్చుకుని పెంచింది.

"కాశ్మీరుల ఉన్న మిలిటరీ క్యాంపుకు జంపఖానాలు కావాలన్నరు కట్టయ్యా" అన్నాడు సేటు. "జమ్మూ దాటినంక ఘాటు రోడ్డట. ఈ దినాలల్ల మంచు గడ్డకట్టి ఉంటదట. దానికి ఆగే టైర్లేందో నువ్వే చూడు. ఇంకొకన్ని అడగ."

కట్టయ్య మాటల మనిషి కాదు. తలూపాడు. గుమ్మం దాకా పోయి ఆగి, ఒక్కటే అడిగాడు.

"ఎంత మందం ఉంటది?"

"నాకేమెరుక? నీ బామ్మర్దినడుగు. వాడే పోయేది."

కొమురెల్లి కూడా పఠాన్‌కోట్ దాటి పోయినవాడు కాదు. అక్కడి హోటళ్లలో విన్నది మాత్రం బాగా చెప్పాడు.

"అద్దం లెక్క ఉంటదట బావా. బ్రేకు మీద కాలు పెట్టినవంటే లారీ నీది కాదు. పోయినేడు నిజామాబాద్ పసుపు లారీ ఒకటి లోయల పడ్డదట. మంచు కరిగినంక, హోలీ దాటినంక దొరికిండట డ్రైవరు. పీనుగ చెక్కుచెదరలేదట. పసుపే దొరకలే."

చెప్పి తనే పకపకా నవ్వాడు. సారలమ్మ చేటలో బియ్యం ఏరుతూ తలెత్తి చూసింది. కట్టయ్య నవ్వలేదు.

ఆయన పేరంతా గట్టి రబ్బరు వల్ల వచ్చిన పేరు. వైశాఖమాసపు తారు రోడ్డు మీద వేరేవాళ్లు కట్టిన రబ్బరు ముద్ద ముద్దగా ఊడిపోతుంటే, కట్టయ్య రబ్బరు కందేది కాదు. తొర్రూరు నుంచి, హనుమకొండ నుంచి కూడా లారీలు ఆయన షెడ్డునే వెతుక్కుంటూ వచ్చేవి. అద్దంలాంటి నేలను పట్టుకోవాలంటే ఉలిలాగా దిగాలి, ఉలి మెత్తగా ఉంటే దిగుతుందా అనుకున్నాడాయన. మామూలుకంటే గట్టి పాకం కలిపాడు. గాడులు లోతుగా, అంచులు కరుకుగా కోశాడు. ఆరు చక్రాలకూ, స్టెప్నీకీ, మొత్తం ఏడు టైర్లు. పది రోజులు పట్టింది.

మంచు మీద ఆగుతాయో లేదో చూడకుండా పంపడం ఆయనకిష్టం లేకపోయింది. స్టేషను అవతల ఐసు ఫ్యాక్టరీ ఉంది. దాని పనంతా చూసుకునే సాంబయ్య, కట్టయ్య ఒక ఈడువాళ్లు. చలికాలం సోడాలు తాగేవాడెవడు, ఫ్యాక్టరీలో గడ్డలు అట్లాగే పేరుకున్నాయి.

"తీస్కపోరా కట్టయ్యా, ఇరవై గడ్డలు తీస్కపో" అన్నాడు సాంబయ్య. "అమ్ముడు పోనివి నీకన్న పనికొస్తయి."

గేటు దగ్గరి ఏటవాలు మీద గోనెసంచులు పరిచి వాటి మీద గడ్డలు పేర్చారు. మిట్టమధ్యాహ్నం. ఎండ పడి గడ్డల మీద నుంచి నీళ్లు సన్నగా కారుతున్నాయి. సేటు గొడుగేసుకుని వచ్చాడు. స్టేషను ముందర రిక్షా వాళ్లంతా మూగారు. కొమురెల్లి గేరు వేసి లారీని ఐసు మీదికి ఎక్కించాడు, నడుమ ఆపాడు, మళ్లీ కదిలించాడు. చక్రం ఒక్క బెత్తెడు కూడా జారలేదు.

"అరె కట్టయ్యా! చూసినవా నీ పనితనం!" అంటూ సేటు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. పదిహేనేళ్లలో ఎన్నడూ వేయలేదు. "శుక్రవారం మంచిగుందట. పొద్దున ఎనిమిదింటికి కొబ్బరికాయ కొట్టి పంపుదాం."

ఆ సాయంత్రం ఇంట్లో సారలమ్మ కూడా అదే మాట అన్నది. "మంచట, లోయట అన్నప్పుడు గుండె దడదడ అన్నది గని, చక్రాలు నీ చేతివే గదా. ఇగ నాకేం ఫికరు లేదు." కట్టయ్యకు అన్నం మరి రెండు ముద్దలు ఎక్కువ సయించింది.

గురువారం పొద్దున్నే కట్టయ్య ఐసు ఫ్యాక్టరీకి పోయాడు, అక్కడ మరిచిన జాకీ తెచ్చుకుందామని. సాంబయ్య తొట్టి పక్కన గొంతుక్కూర్చుని కొక్కెంతో ఏదో దేవుతున్నాడు. తొట్టి అంటే ఉప్పునీళ్ల తొట్టి. అందులో నీళ్లు ఎంత చల్లబడినా గడ్డకట్టవు. వాటిలో దించిన డబ్బాల్లోని మంచినీళ్లే ఐసవుతాయి.

"మొన్న లారీ టైర్లకు కట్టంగ మిగిలితే నీ తాన తీస్కున్న రబ్బరు ముక్కనే" అన్నాడు సాంబయ్య. "మూత కింద పెడితే చప్పుడు కాదనుకున్న. జారి లోపల పడ్డది."

కొక్కేనికి తగిలింది. పైకి లాగి పక్కకు విసిరేశాడు. అది గచ్చు మీద పడి ఠంగుమంది.

కట్టయ్య దాన్ని చూస్తూ నిలబడిపోయాడు. రబ్బరు కింద పడితే చప్పుడు కాదు. నలభై ఏళ్లుగా ఆయన చేతుల్లోంచి ఎన్ని ముక్కలు పడలేదు. వంగి తీసుకున్నాడు. వేళ్లు చురుక్కుమన్నాయి. రెండు చేతులతో వంచబోతే వంగలేదు. మోకాలికి ఆనించి బలమంతా పెట్టాడు. అప్పుడూ వంగలేదు. పక్కనున్న ఐసు గడ్డ మీద పెట్టి తోశాడు. బలపం పలక మీద జారినట్టు ఆ చివరికి పోయింది.

"ఏందిరా, గట్ల చూస్తానవ్?" అన్నాడు సాంబయ్య.

కట్టయ్య ముక్కను అక్కడే వదిలాడు. షెడ్డుకు పోయాడు. మూలన ఒక కలప లారీ పాత టైరుంది. దాని రబ్బరు మెత్తన, ఎండకు తొందరగా అరిగిపోతుంది. అటువంటి రబ్బరు తన చేత్తో ఎవరికీ కట్టలేదాయన. దాంట్లోంచి ఒక ముక్క, తను కట్టిన రబ్బరులోంచి ఇంకొక ముక్క కోసి, రెంటికీ తీగ కట్టి, మళ్లీ ఫ్యాక్టరీకి వచ్చి తొట్టిలో దించాడు. తొట్టి పక్కనే కూర్చున్నాడు. సాంబయ్య రెండుసార్లు చాయ్ పోయించి, అడిగి అడిగి ఊరుకున్నాడు.

మధ్యాహ్నం దాటాక పైకి లాగాడు. తనది కట్టెలా ఉంది. పాత టైరు ముక్క మాత్రం చెప్పు తోలులా వంగింది, ఐసు మీద పెట్టి తోస్తే పట్టుకుంది.

మొన్న జారకపోవడానికి కారణం అప్పుడు అర్థమైంది. ఎండకు కాగిన చక్రాలవి. కరిగి మెత్తబడి, రబ్బరు అంచులు దిగబడిన ఐసది. అక్కడ ఎండ ఉండదు. పగలూ రాత్రీ ఈ తొట్టిలో నడిచినట్టే. ఏడు టైర్లూ కొమురెల్లి కింద ఏడు కట్టె చక్రాలవుతాయి.

కట్టయ్య సాంబయ్యను టిఫిను డబ్బా అడిగి తీసుకుని, రెండు ముక్కలనూ అందులో ఐసు మధ్య పెట్టి, సేటు దుకాణానికి నడిచాడు. అరగంట నడక. సేటు గుమాస్తాలతో జంపఖానాల బేళ్లు కట్టిస్తున్నాడు. కట్టయ్య పొద్దు వాలేదాకా గుమ్మంలో నిలబడ్డాడు. పిలుపు వచ్చి డబ్బా మూత తీసేసరికి ఐసంతా కరిగి, రెండు ముక్కలూ నీళ్లలో మునిగి ఉన్నాయి.

"టైర్లు ఆగయి సేటూ" అన్నాడు. "చలికి గట్టిపడ్తయి. చూడు."

సేటు ముందు ఒకటి తీసి వంచాడు. వంగింది. రెండోది వంచాడు. అదీ వంగింది.

"ఏందయ్యా చూసేది?"

కట్టయ్య డబ్బా మూత పెట్టాడు. "ఇప్పుడు కాదు. ఐసు ఫ్యాక్టరీకి రా. ఆడ చూడాలె."

"ఐసు ఫ్యాక్టరీల చూసిన గదా! ఊరంతా చూసింది గదా! నువ్వే ఎక్కించి నువ్వే కాదంటే ఎట్ల?" సేటు గొంతు తగ్గించాడు. "బామ్మర్ది పోతాండని భయమైతాందా? నిజం చెప్పు. వాడు కాకుంటే వేరే డ్రైవరును ఎక్కిస్త."

"ఎవడెక్కినా అంతే సేటూ. మెత్తటి రబ్బరు కావాలె."

"మెత్తటిది నాగపూరు దాకన్న ఆగదని పదిహేనేళ్ల సంది నాకు చెప్పింది నువ్వు కాదా?"

అదీ నిజమే. ఇక్కడికి పనికొచ్చేది అక్కడ చంపుతుంది, అక్కడ కాపాడేది ఇక్కడే కరిగిపోతుంది. మెత్తటి టైర్లు లారీ మీద వేసుకుపోయి జమ్మూలో మార్చుకోవచ్చని కట్టయ్య లోపల అనుకున్నాడు. నోట్లోంచి మాత్రం సగమే వచ్చింది. "పైన ఏస్కపోతే..." అనేలోపు సేటు గుమాస్తా వైపు తిరిగాడు. "బేళ్లు దించి టైర్లు ఎక్కియ్యాల్నా? ఇంటికి పోయి పండుకో కట్టయ్యా. దిష్టి తగిలింది నీకు."

కొమురెల్లి బజార్లో పాన్‌డబ్బా దగ్గర దొరికాడు. కట్టయ్య వాడి చెయ్యి పట్టుకుని ఐసు ఫ్యాక్టరీకి లాక్కుపోయాడు. పొద్దున దొరికిన ముక్కను సాంబయ్య మళ్లీ తొట్టిలోనే వేసి ఉంచాడు, దాన్ని తీసి గచ్చు మీద కొట్టి చూపించాడు. ఠంగు, ఠంగు.

కొమురెల్లి దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. ముఖంలో నవ్వు ఒక్క క్షణం పోయింది. మళ్లీ తెచ్చుకున్నాడు.

"నేను ఉప్పునీళ్లల్ల నడుపుతానా బావా, రోడ్డు మీద నడుపుతా. జర మెల్లగ పోత, సరేనా?"

"పోకు."

"నేను దిగితే సేటు ఇంకొకన్ని ఎక్కిస్తడు. వాడు నాకన్న మంచిగ నడుపుతడా?" అని భుజం తట్టాడు. "నీ టైరేస్కొని నేను ఏడ పడ్డనే ఇంతదనుక? ఊకె బుగులు పెట్టకు. అక్క ముందర మాత్రం ఈ ముచ్చట తియ్యకు, నీ కాల్మొక్త."

ఇంటికి పోయేసరికి సారలమ్మ తమ్ముడి మూట కడుతోంది. సకినాలు, వెల్లుల్లి కారం, వాడికి చిన్నప్పుడు కప్పిన గొంగడి. "చలి బాగ ఉంటదట గదా" అంది, గొంగడి మడత మీద చెయ్యి రాస్తూ. "ఏమయ్యా, గట్లున్నవేంది?"

"ఏం లేదు" అన్నాడు కట్టయ్య.

ఆమెకు చెప్తే ఏడుస్తుంది. ఆమె ఏడిస్తే వాడు నవ్వుతాడు, నవ్వి పోతాడు. వాడు దిగితే వేరే తల్లి కొడుకు ఎక్కుతాడు. గొంగడి వైపు చూడకుండా గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఎవరికి ఏ మాట చెప్తే ఆగుతుందో వెతికాడు. ఆయన దగ్గర అటువంటి మాట లేదు.

తెల్లారింది. సారలమ్మ వాకిలి ఊడుస్తుండగానే కట్టయ్య బయటపడ్డాడు. షెడ్డు తెరిచి రబ్బరు కోసే కత్తి, చెంబుతో నీళ్లు తీసుకున్నాడు. పొడి కత్తికి రబ్బరు తెగదు, తడిపితేనే తెగుతుంది. సేటు దుకాణం ముందు లారీ నిండుగా బేళ్లతో, తాడు బిగించి, ముందర మామిడాకులు కట్టి ఉంది. కావలివాడు కట్టయ్యను చూసి, "గాలి చూస్తానికొచ్చినవా పెద్దయ్యా" అని పక్కకు జరిగాడు.

"ఊఁ" అన్నాడు కట్టయ్య.

ముందు చక్రం దగ్గర కూర్చుని వాల్వు పిన్ను తీశాడు. గాలంతా బుస్సున పోయింది. కత్తిని చెంబులో ముంచి, చక్రం పక్కగోడకు ఆనించి, రిమ్ము దగ్గర నుంచి టైరు భుజం దాకా ఒకే కోత కోశాడు. ఎవడూ అతకలేని చోట కోశాడు. ఎక్కడ అతకదో ఆయనకంటే తెలిసినవాడు ఆ ఊళ్లో లేడు. రెండోది కోశాడు. వెనక్కి పోయి జంట చక్రాల్లో బయటివి కోసి, లోపలివాటి కోసం లారీ కింద వెల్లకిలా దూరాడు. బండి ఒక్కొక్క వైపే కుంగుతూ వచ్చింది. కావలివాడు అరుస్తూ సేటు ఇంటికి ఉరికాడు.

ఆరూ అయిపోయాయి. స్టెప్నీ మిగిలింది. దాన్ని కిందికి దించి, గాలి తీసి, కత్తి తడుపుతుండగా సేటు పరుగెత్తుకొచ్చాడు, ఆయన వెనక కొబ్బరికాయ, ఊదుబత్తీలతో కొమురెల్లి.

"కట్టయ్యా! పిచ్చి లేసిందా నీకు? ఈ ఊళ్లె ఇంకెవడన్న నీతోని రబ్బరు కట్టిచ్చుకుంటడా?"

కట్టయ్య తలెత్తలేదు. కొమురెల్లి చేతిలో కొబ్బరికాయ అట్లాగే ఉంది. కుంగిన లారీని చూశాడు, బావ చేతులను చూశాడు. ఈసారి నవ్వలేదు.

కట్టయ్య కత్తిని చెంబులో ముంచి, ఏడో టైరు కోశాడు.