షిఫ్టుల కప్పు

చిన్నరాములు తడిమట్టి మీద మడమ ఆనించి, ఒంటి బరువంతా దాని మీద వేసి చూశాడు. మడమ కాస్త దిగి ఆగింది. ఇంకో బకెట్ నీళ్ళు చల్లితే చాలు, కిందపడ్డవాడి మోకాలు గీసుకుపోదు. వారం నుంచి డ్యూటీకి పోయేముందు రోజూ వచ్చి ఎర్రమట్టి జల్లెడ పట్టాడు. సీసా పెంకులు, గులకరాళ్ళు, ఎవడో తాగి పారేసిన ప్లాస్టిక్ గ్లాసులు అన్నీ ఏరాడు. ఇవాళ సున్నంతో గీతలు గీస్తే అయిపోతుంది.

అతని చేతులు చూస్తే కబడ్డీ ఆడినవాడివి అనుకోరు. వేళ్ళ చివర చర్మం తెల్లగా పొట్టు లేస్తుంది, గోళ్ళు పసుపు రంగుకు తిరిగాయి. గడ్డపోతారంలో మందుల పౌడరు చేసే కంపెనీలో డ్రమ్ములు కడగడం అతని పని. పెళ్ళయిన ఏడాది చేరాడు. కంపెనీ పేరు మారింది, ఓనరు మారాడు, కాంట్రాక్టర్లు ఎందరో మారారు. చిన్నరాములు మాత్రం కాంట్రాక్టు లేబరుగానే ఉన్నాడు. పర్మనెంటు చేస్తామని చెప్పిన మేనేజర్లందరూ రిటైరై ఇళ్ళు కట్టుకున్నారు. ఇతను మాత్రం దగ్గుతున్నాడు.

డీసీఎం వ్యాను ఒకటి మైదానంలోకి వచ్చి ఆగింది. దాని వెనక కారులోంచి నరేష్ దిగాడు. చిన్నరాములుతో ఒకప్పుడు కబడ్డీ ఆడిన నర్సింహులు కొడుకు, ఈ ఏడు టోర్నమెంటుకు పెద్ద అతనే.

"కాకా, జెర పక్కకు జరుగు. మ్యాట్లు పరుస్తరు," అన్నాడు నరేష్.

"మట్టి సాపు చేసిన గదరా. మ్యాట్లు వస్తయని ముందే ఎందుకు చెప్పలే?"

"మంచిదే గద కాకా, కింద మెత్తగుంటది."

బీహారు పిల్లలు నలుగురు నీలం, పసుపు మ్యాట్లు దించి వారం రోజుల చాకిరీ మీద పరిచేశారు. చిన్నరాములుకు ఒళ్ళు మండింది. సున్నం డబ్బా విసిరికొట్టి ఇంటికి పోదామనుకున్నాడు. పోలేదు. అతను వచ్చింది మట్టి కోసం కాదు. ఇవాళ నర్సింహులు మైకులో ఒక మాట చెప్తానన్నాడు. ఆ మాట చెవులారా వినాలి.

మైదానం గేటు దగ్గర నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. పైన నరేష్ దండం పెడుతున్నాడు. కింద 'టోర్నమెంటు వ్యవస్థాపకులు శ్రీ నర్సింహులు గారు' అని ఉంది. ఆ కింద జట్ల పేర్లు: నరేష్ వారియర్స్, ఫలానా కన్‌స్ట్రక్షన్స్ టైగర్స్, ఫలానా వెంచర్స్ లయన్స్. పేర్లు చూస్తే ఆడేది మనుషులో ప్లాట్లో తెలియదు.

ఈ టోర్నమెంటును ఊళ్ళో అందరూ షిఫ్టుల కప్పు అంటారు. వానలు వెనకపట్టాక జిల్లా పోటీలు మొదలవుతాయి. వాటికి ముందు కాళ్ళూ చేతులూ సాగదీసుకోవడానికి మొదలైన ఆట ఇది. అంతకుముందు ఊరికి రెండు జట్లుండేవి. భూములున్న రైతుల పిల్లలది ఒకటి, వాళ్ళ పొలాల్లో కూలికి పోయే వాడ పిల్లలది ఒకటి. కబడ్డీ అంటేనే ముట్టుకునే ఆట. ముట్టుకోవద్దనుకునేవాళ్ళు కలిసి ఎలా ఆడతారు? రెండు జట్లూ విడివిడిగా జిల్లాకు పోయేవి, విడివిడిగా చిత్తుగా ఓడి వచ్చేవి.

తర్వాత కంపెనీలు వచ్చాయి. రెండు జట్లవాళ్ళూ డ్యూటీకి ఒకే బస్సెక్కారు. ఆ బస్సులోనే, సీట్లు చాలక ఒకరి మీద ఒకరు పడుతూ, కుర్రాళ్ళు అనుకున్నారు: ఏ షిఫ్టుకు పోయేవాళ్ళు ఆ షిఫ్టు జట్టు. కులం కాదు, వాడ కాదు, డ్యూటీ టైము.

మొదటి ఏడు వాడ నుంచి చిన్నరాములు, రైతుల ఇళ్ళ నుంచి నర్సింహులు, ఇద్దరూ బీ షిఫ్టు. నర్సింహులు మూలన, చిన్నరాములు అతని పక్కన. కూతకు వచ్చినవాణ్ణి పట్టాలంటే పక్కవాడి చేయి పట్టుకుని గొలుసులా నిలబడాలి. గీత అవతల నులకమంచం మీద నర్సింహులు తండ్రి కూర్చున్నాడు. నర్సింహులు అటు చూశాడు, ఇటు చూశాడు. జేబులోంచి చేతిరుమాలు, అదే దస్తీ, తీసి ఒక కొస తాను పట్టుకుని, ఇంకో కొస చిన్నరాములుకు అందించాడు. చూస్తున్న జనంలో ఒక్కరికీ నవ్వు రాలేదు. అందరికీ అది సబబుగానే కనిపించింది. కూతకు వచ్చిన పొద్దుటి 'ఏ' షిఫ్టు వాడికి మాత్రం ఆ దస్తీ తలుపు తీసిన గుమ్మంలా కనిపించింది. నేరుగా దాని మీదికే ఉరికాడు. దస్తీ జారింది, వాడు గీత దాటాడు, బీ షిఫ్టు ఓడింది.

మరుసటి ఏడు కూడా తండ్రి అదే మంచం మీద కూర్చున్నాడు, కొడుకు అదే దస్తీ తీశాడు. కానీ కూతకు వచ్చినవాడు దగ్గరపడేసరికి నర్సింహులు దస్తీ నేలకేసి కొట్టి చిన్నరాములు మణికట్టు పట్టుకున్నాడు. ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే మూడు రోజులు వేళ్ళ గుర్తులు పోలేదు. ఆ ఏడు కప్పు గెలిచారు. తండ్రి కొడుకు చేత బావి దగ్గర స్నానం చేయించి గానీ ఇంట్లోకి రానివ్వలేదట. నర్సింహులే ఆ సంగతి బస్సులో ఏళ్ళ తరబడి నవ్వుతూ చెప్పేవాడు. అప్పటి నుంచి మొదటి కూతకు ముందు రెండు జట్లూ కలిసి, చేతులు పట్టుకుని, ఒకే గొలుసుగా నిలబడడం ఈ కప్పులో రివాజు అయింది.

రింగురోడ్డు పుణ్యమా అని నర్సింహులు పొలం బంగారమైంది. అతను ఉద్యోగం మానేశాడు. అయినా కర్దనూర్ హోటల్లో చాయ్ తాగుతూ పోయినవారమే మాట ఇచ్చాడు. "నరేష్‌గాడు ఏమన్న రాసుకోనియ్యి రాములూ. దస్తీ ముచ్చట మైకుల నేనే చెప్త. నేను చెప్పకుంటె ఎవడు చెప్తడు?"

ఆటలు ప్రారంభించాల్సిన ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చాడు. స్టేజీ మీద చిన్నరాములుకు చివరి కుర్చీ ఇచ్చారు, నర్సింహులు పక్కనే. పాత ఆటగాడని చెప్పి నరేష్ ఒక శాలువా చేతిలో పెట్టాడు. కప్పే తీరిక కూడా లేదు, కవరుతోనే ఇచ్చాడు. తర్వాత నర్సింహులు మైకు అందుకున్నాడు. ఆటలు ఆరోగ్యానికి మంచివన్నాడు. యువత చెడు అలవాట్లకు దూరంగా ఉండాలన్నాడు. అతిథికి ధన్యవాదాలు చెప్పి కూర్చున్నాడు.

"దస్తీ ముచ్చట మర్సినవా నర్సన్నా?" అన్నాడు చిన్నరాములు మెల్లగా.

నర్సింహులు ఎదురుగా జనాన్ని చూస్తూ, "ఎలక్షన్లున్నయి రాములూ. పోరడు నిలబడుతుండు. గిప్పుడు మా నాయినను గిట్ల బజార్ల పెట్టుమంటవా?" అన్నాడు.

"మీ నాయిన ముచ్చట ఇడిసిపెట్టు. నువ్వు దస్తీ పారేసినవు, గది చెప్పు. సిగ్గుపడే పని కాదు గద."

"పాతయి ఎందుకు తియ్యి."

ఆ 'ఎందుకు తియ్యి' చిన్నరాములు గుండెలో సలసల కాగింది. దస్తీ పట్టుకున్న రోజు కూడా అతనికి ఇంత కోపం రాలేదు. అప్పుడు నర్సింహులు తండ్రికి భయపడ్డ పాతికేళ్ళ కుర్రాడు. ఇప్పుడు ఎవరికి భయం? తప్పు చేసినవాడు తప్పును దాస్తాడు, అది లోకంలో ఉన్నదే. వీడు చేసిన మంచిని దాస్తున్నాడు. తన చేయి పట్టుకోవడమే వీడికి కడుక్కోవలసిన మరక అయింది.

చిన్నరాములు లేచి మైకు ముందుకు వెళ్ళాడు.

"ఈ కప్పు ఎట్ల షురువైందో నేను చెప్త," అన్నాడు. "ఈ నర్సింహులు, నేను బీ షిఫ్టు. మొదటి ఏడు నా చెయ్యి పట్టుకోలే, దస్తీ పట్టుకున్నడు..."

నరేష్ చేయి ఊపాడు. డీజే పెట్టెల్లోంచి పాట విరుచుకుపడింది. స్టేజీ చెక్కలు అదిరాయి. ముందు వరసలో ఎవడో, ముసలాయన పొద్దున్నే తాగాడని సైగ చేసి నవ్వాడు. పాట ఆగలేదు, చిన్నరాములూ ఆగలేదు. జనం వైపు నుంచి తిరిగి, మైకు చేతిలో పట్టుకునే నర్సింహులు కుర్చీ ముందుకు వచ్చి, అతని మొహంలోకి చూస్తూ, మంచం దగ్గర నుంచి బావి దగ్గరి స్నానం దాకా ఒక్క ముక్క వదలకుండా చెప్పాడు. ఊరు వినలేదు. మూరెడు దూరంలో ఉన్న నర్సింహులు అంతా విన్నాడు. తల ఎత్తలేదు.

అయ్యాక చిన్నరాములు మైకును దాని స్టాండుకు పెట్టాడు. శాలువాను కుర్చీలో పెట్టి మెట్లు దిగాడు. కూర్చుని ఇంకా తిట్టాలని ఉంది గానీ బీ షిఫ్టు బస్సుకు టైమైంది. ఆలస్యమైతే గేటు లోపలికి రానివ్వరు.

"వచ్చే ఏడు మట్టి పని నాకు చెప్పకుండ్రి," అన్నాడు గేటు దగ్గర నిలబడ్డవాళ్ళతో. "ఈ కప్పుకు నేను రాను."

మ్యాట్లు ఉన్నాక ఇక మట్టి పనేముంటుందని వాళ్ళలో ఎవరికీ చెప్పబుద్ధి కాలేదు.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. లోపల బీహారువాళ్ళు, ఒడిశావాళ్ళు, కొల్లూరు కాలనీ నుంచి వచ్చేవాళ్ళు భుజాలు ఒరుసుకుంటూ కూర్చున్నారు. బస్సు మైదానం పక్కగా మలుపు తిరిగింది. మ్యాట్ల మీద రెండు జట్లూ ఎదురెదురుగా నిలబడ్డాయి. చేతులు పట్టుకోమని వాళ్ళకెవరూ చెప్పలేదు. ఈల మోగింది. మొదటి కూత మొదలైంది.

స్టేజీ మీద అందరూ ఆట చూడడానికి ముందుకు జరిగారు. నర్సింహులు ఒక్కడే కూర్చున్నచోట కూర్చుని ఉన్నాడు. అతని పక్క కుర్చీలో, విప్పని కవరులో, శాలువా ఎండకు మెరుస్తోంది. దాన్ని అతను ముట్టుకోలేదు.