ఆరాక కనిపించిన మరకలు

బీమా సర్వేయరు గుమ్మం దగ్గర ఆగి, లోపలికి తొంగి చూసి, చేతిలోని కాగితం మీద ఇంటి నంబరు మరోసారి సరిచూసుకున్నాడు. వరదలో నడుం లోతు మునిగిన ఇల్లని కాగితం చెబుతోంది. కళ్ళ ముందేమో గచ్చు అద్దంలా మెరుస్తోంది. గోడల రంగు వాసన ఇంకా పోలేదు. కిటికీ ఊచలు కూడా ఒక్కొక్కటే తుడిచినట్టున్నాయి.

ఆ ఇంటావిడ టైలరు. వీధి వీధంతా ఆమెను తళతళమ్మ అంటుంది, అదీ ఆమెకు వినబడేటట్టే. ముందు గదిలో రెండు కుట్టుమిషన్లు, వెనక రెండు గదులు, బస్సు నడిపే భర్త, ఇదీ ఆమె సంసారం. ఇక శుభ్రం సంగతంటారా, గుమ్మంలో నిలబడి తుమ్మినవాడి చేతికి కూడా గుడ్డ ఇచ్చి తుడవమనే రకం.

నీళ్ళు తీసిన రోజున భర్త ఫోన్ పట్టుకుని ఫోటోలు తీయబోతే ఆమె ఒంటికాలి మీద లేచింది. "ఈ అవతారంలో ఉన్న ఇంటికి ఫోటోలా? నలుగురూ చూస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను?" ఆయన మారుమాట్లాడకుండా ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. ఇరవయ్యేళ్ళ కాపురంలో ఆయన బాగా నేర్చుకున్న విద్య అదొక్కటే. ఉబ్బిపోయిన బీరువా, బురద పట్టిన పరుపులు చెత్త లారీ ఎక్కేశాయి. మూడు వారాల తర్వాత, సర్వేయరు గురువారం వస్తాడని బీమా ఆఫీసు నుంచి కబురు రాగానే ఆమె రంగు డబ్బాలు తెప్పించింది. ఇంటికొచ్చే మనిషికి మురికి గోడలు చూపిస్తామా అంది. మొగుడూ పెళ్ళాలు నడుములు పడిపోయేలా మూడు రోజులు గోడలకు రంగులు వేశారు. వెనక గోడ నిలువునా చీలితే, దానికీ సిమెంటు మెత్తి పైన రంగు పూశారు. చూపించి డబ్బు అడగాల్సిన వాటినన్నిటినీ తమ చేత్తో తామే తుడిచిపెట్టుకుని, పెద్ద పని అయిపోయిందని హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. అమాయకత్వానికైనా ఓ హద్దుండాలి.

"నీళ్ళు ఎంతవరకు వచ్చాయమ్మా?" అని అడిగాడు సర్వేయరు.

"ఇదిగో, ఇక్కడిదాకా." నడుం దగ్గర చెయ్యి పెట్టి చూపించింది.

"గోడ మీద గుర్తేదీ?"

"కడిగేశానండి."

"మిషన్ల మోటార్లు?"

"పాడైపోయాయండి. బురద కంపు కొడుతుంటే పాత ఇనుము వాడికి ఇచ్చేశాను."

"పోనీ, ఫోటోలున్నాయా?"

ఆమె గుడ్డ తీసుకుని అప్పటికే మెరుస్తున్న మిషనును మళ్ళీ తుడవసాగింది.

సర్వేయరు చెడ్డవాడు కాడు. పొద్దున్నించీ తిరిగి తిరిగి కాళ్ళు లాగుతున్నా విసుక్కోకుండా విడమరిచి చెప్పాడు. "ఈ వీధిలో మిగతా ఇళ్ళకి చీలమండల లోతే వచ్చింది. మీ ఇల్లు పల్లంలో ఉంది, నిజమే. కానీ నడుం లోతని ఉత్తినే రాస్తే ఆఫీసులో నన్ను నిలదీస్తారమ్మా. ఏదో ఒక గుర్తు కావాలి. ఇంకో రెండిళ్ళు చూసి గంటలో వస్తాను, ఈలోపు వెతకండి."

ఏం వెతుకుతుంది? చీపురు తగలని మూల ఆ ఇంట్లో ఎక్కడుంది? ఆమె మిషను ముందు స్టూలు మీద కూలబడింది. బడులు తెరవడానికి నెలే ఉంది. అప్పటికి మోటార్లు రాకపోతే యూనిఫాంల పని పక్క వీధి టైలరుకు పోతుంది. ఏడాదిలో సగం తిండి ఆ పనిమీదే నడుస్తుంది. నా చేతులు పడిపోనూ అని తనను తానే తిట్టుకుంది.

ఎదురింటి టీచరమ్మ కిటికీలోంచి అంతా విన్నది. కిందటి వారమే రిటైరైన మనిషి, ఏమీ తోచక కిటికీ దగ్గరే ఉంటోంది. కాసేపటికి చేతి మీద ఓ పొడవాటి లేతరంగు గౌను వేసుకుని వచ్చింది.

"వరద వచ్చిన రోజు ఇది ఎక్కడ తగిలించి ఉంది?"

ముందు గదిలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఓ ఇనప కడ్డీ ఉంది. కుట్టడం పూర్తయిన బట్టలన్నీ హ్యాంగర్లకు తగిలించి ఉండేది దాని మీదే. ఆ రోజున పదకొండు బట్టలున్నాయి. నీళ్ళు తీశాక, ఇంటికన్నా ముందు ఆమె వాటినే ఉతికింది. వారం పాటు ఎండే కాయలేదు. తడితడిగానే ఇంటింటికీ తీసుకెళ్ళి ఇచ్చి, "చుక్క మరక ఉందేమో చూడండి" అని గొప్పలు కూడా పోయింది. నీ చేతికి తిరుగులేదన్నారు అందరూ.

టీచరమ్మ గౌనును కడ్డీకి తగిలించింది. నడుం కిందగా, స్కేలు పెట్టి గీసినట్టు, ఈ చివర నుంచి ఆ చివరకు గోధుమరంగు గీత.

టైలరు నోరు తెరిచేలోపే మందుల షాపాయన తన తెల్లకోటుతో వచ్చాడు. వెనకాలే ఆ వీధిలోనే ఉండే ఓ గుమాస్తా భార్య, ఆమె వెనకాల ఫోటో స్టూడియో ఆయన ఇంత పరదా భుజాన వేసుకుని. టీచరమ్మ ఇల్లిల్లూ తిరిగి చెప్పొచ్చిందట. గంటలో ఎనిమిది బట్టలు కడ్డీ ఎక్కాయి. ఎనిమిదింటి మీదా అదే గీత, ఒకదాని పక్కన ఒకటి కలిసిపోయి గది పొడుగునా సాగింది.

సర్వేయరు తిరిగొచ్చి ఆ గీత వెంట ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడిచాడు. తర్వాత ఆమె టేపే అడిగి తీసుకుని నేల నుంచి గీత దాకా ఒక్కో బట్ట దగ్గరా కొలిచాడు. అన్నిచోట్లా ముప్పై ఏడు అంగుళాలు. ఫోటోలు తీసుకుని, అందరి చేతా సంతకాలు పెట్టించుకున్నాడు.

"నడుం లోతనే రాస్తున్నానమ్మా. మోటార్లు, గోడ, పోయిన సామాను, అన్నిటికీ వస్తుంది. ఈ బట్టలు మాత్రం మీ పాలసీలోకి రావు, ఇవి వేరేవాళ్ళవి."

"మాకు డబ్బు కావాలని ఎవరడిగారండీ?" అన్నాడు మందుల షాపాయన.

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. అప్పుడు గానీ ఆ బట్టలను బట్టలుగా చూడలేదు. గౌను అంచు పట్టుకుని గీత మీద వేలితో రుద్దింది.

"ఇది నేను ఉతికిందేనా?"

"ఆరాక బయటపడిందిలే," అంది టీచరమ్మ.

"మరి రిటైర్మెంటు ఫంక్షన్లో ఈ గౌను ఎవరు కుట్టారని అందరూ అడిగారని మొన్న నాతో అన్నారు?"

అబద్ధమాడిన పిల్లల్ని ముప్పై నాలుగేళ్ళు బెంచీ ఎక్కించిన టీచరమ్మ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "అడిగారు. పదేళ్ళ కిందట నువ్వు కుట్టిన పాత గౌను వేసుకెళ్ళాను. దాన్ని చూసే అడిగారు."

"నాతో ఒక్కమాట అనచ్చుగా."

"అంటే ఏం చేసేదానివి? ఇంట్లో బురద ఇంట్లోనే పెట్టుకుని మా బట్టల ముందు కూర్చునేదానివి."

ఆమె అందరి మొహాలూ చూసింది. ఒకాయన చెప్పులు చూసుకుంటున్నాడు, ఒకావిడ కిటికీ చూస్తోంది. వరద ఇంట్లోకి వచ్చినప్పుడు కంటతడి పెట్టని మనిషి, ఇప్పుడు కడ్డీ పట్టుకుని భోరున ఏడ్చింది. ఇంతమంది తన పక్షాన ఉన్నారని ఇన్నాళ్ళూ తెలియనందుకు సిగ్గేసింది, తెలిసినందుకు కడుపు నిండింది. సర్వేయరు పాపం, రాయడానికి ఏమీ లేకపోయినా కాగితం మీద ఏదో రాసుకుంటూ ఉండిపోయాడు.

కాసేపటికి ముక్కు తుడుచుకుని గొంతు పెంచింది. "మోటార్లు రాగానే ఎనిమిది మందికీ కొత్తవి కుడతాను. డబ్బులిస్తామన్నవాళ్ళు గుమ్మం ఎక్కొద్దు."

"నాకొద్దు తల్లీ," అంది టీచరమ్మ. "రిటైరైపోయాను. కొత్త గౌను వేసుకుని ఇప్పుడెక్కడికి వెళ్తాను?"

"మా ఇంటికి," అంది ఆమె, టేపు తీసుకుని టీచరమ్మ భుజాలు కొలుస్తూ. "మా ఇంటికి రండి."